అల్ట్రాసౌండ్ హెడ్ ఎన్ని వాట్లు ఇస్తుందో వోల్టేజీ చూసి చెప్పొచ్చా?

ప్రశ్న: ఫిజియోథెరపీ మెషీన్, 1 మెగాహెర్ట్జ్ హెడ్, లేబుల్ మీద ఈఆర్‌ఏ (హెడ్ ముఖంలో నిజంగా శబ్దం వెలువడే వైశాల్యం) 4 చ.సెం.మీ. హెడ్ దగ్గర ఆసిల్లోస్కోప్‌లో పీక్-టు-పీక్ (అలలో కింది కొస నుంచి పై కొస దాకా) 100 వోల్టులు. 50 ఓమ్‌లతో లెక్కేస్తే 25 వాట్లు వస్తోంది, మెషీన్ డిస్‌ప్లేలో చూస్తే 4 వాట్లు. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: 50 ఓమ్‌లు కేబుల్‌ది, హెడ్ లోపల శబ్దం పుట్టించే క్రిస్టల్‌ది కాదండి. క్రిస్టల్ సగం కెపాసిటర్ లాంటిది. కరెంటు, వోల్టేజీ ఒకే ఫేజ్‌లో ఉండవు. తీసుకున్న పవర్‌లోనూ కొంత వేడిగా పోతుంది. శబ్దం తాను తగిలినదాన్ని కాస్త నెడుతుంది, అందుకే ముందు ఒక్కసారి ఆ తోపును తూకం వేయాలి.

1 మి.గ్రా. వరకు చూపే త్రాసు మీద నీళ్ల బీకరు, దాని అడుగున శబ్దాన్ని పీల్చే మెత్తటి రబ్బరు. హెడ్‌ను వేరే స్టాండుకు బిగించి, బీకరుకు తగలకుండా నీళ్లలో ముంచండి. 20 డిగ్రీల నీళ్లలో 1 వాట్‌కు దాదాపు 69 మి.గ్రా. బరువు పెరుగుతుంది. ఉదాహరణకు 25 వోల్టుల ఆర్‌ఎంఎస్ (పవర్ లెక్కకు వాడే వోల్టేజీ, పీక్-టు-పీక్‌ను 2.83తో భాగిస్తే వస్తుంది) దగ్గర 138 మి.గ్రా. పెరిగితే 2 వాట్లు. 2ను 25 వర్గంతో భాగిస్తే 0.0032. ఇక ఏ వోల్టేజీ వర్గాన్నైనా దీంతో గుణిస్తే చాలు. మీ 100 పీక్-టు-పీక్ అంటే 35.4 ఆర్‌ఎంఎస్, ఈ గుణకంతో సరిగ్గా 4 వాట్లు. మీ హెడ్ గుణకం వేరుగా ఉండొచ్చు, తూచి చూడండి.

ప్రశ్న: తూచాను సార్. హెడ్‌ను కాస్త పైకీ కిందకీ జరిపితే చాలు, రీడింగు ఊగుతోంది. నిమిషం ఆగితే మెల్లగా పక్కకు పోతోంది కూడా.

జవాబు: రెండూ వేరు వేరు జబ్బులు. సుమారు 0.75 మి.మీ.కు ఒకసారి పెరిగి తగ్గుతుంటే, అది అర తరంగదైర్ఘ్యం: రబ్బరు శబ్దాన్ని వెనక్కి కొడుతోంది. చదును ముక్క తీసేసి గరుకుదో, ఇంకా మందపాటిదో పెట్టండి. మెల్లగా పోవడానికి కారణం రబ్బరు, నీళ్లు వేడెక్కడం, ఆవిరి. ఆన్ చేసిన కొద్ది సెకన్లలో ఒకటి, ఆఫ్ చేయగానే ఒకటి రాసుకుని తేడా తీసుకోండి. నీళ్లు ముందే మరగబెట్టి, మూతపెట్టి చల్లార్చినవైతేనే మంచిది. హెడ్ ముఖానికి ఒక్క బుడగ అంటుకున్నా లెక్క తక్కువ చూపిస్తుంది.

మరో జవాబు: గుణకం ఒక ఫ్రీక్వెన్సీకే పనికొస్తుంది. హెడ్ వేడెక్కితే రెజొనెన్స్ (క్రిస్టల్ బాగా కంపించే ఫ్రీక్వెన్సీ) పక్కకు జరుగుతుంది, పెద్ద వోల్టేజీల దగ్గర అంచనా తప్పేది ఇక్కడే. కాబట్టి 10, 25, 35 వోల్టుల దగ్గర మూడుసార్లు తూచండి. గుణకం మూడింటికీ ఒకటే రాకపోతే పెద్ద వోల్టేజీలకు దాన్ని నమ్మకండి. గాలిలో మాత్రం ఆ వోల్టేజీ పెట్టొద్దు, క్రిస్టల్ అతుకు ఊడొచ్చు. ఇంకోటి, పల్స్ 1:4లో (ఒక వంతు ఆన్, నాలుగు వంతులు ఆఫ్) త్రాసు చూపేది సగటే: 4 వాట్ల హెడ్‌కు 0.8 వాట్లు, అంటే 55 మి.గ్రా. మెషీన్ చెడిపోయిందని విప్పకండి.