రిజిస్ట్రేషన్ విలువ మీద ఇంటి పన్ను న్యాయమేనా?

పాత_డాబా
ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో సొంతిల్లు ఉన్నవాళ్ళని అడుగుతున్నాను. 2021 ఏప్రిల్ ముందు దాకా ఇంటి పన్ను అద్దె విలువ మీద వేసేవాళ్ళు. ఈ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో వాళ్ళ పట్టిక ప్రకారం అంచనా కట్టి, అందులో ఇంత శాతం అనేవాళ్ళు. ఇప్పుడు ఆ పద్ధతి తీసేసి మూలధన విలువ అంటున్నారు. అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్క ప్రకారం స్థలం విలువ, దానికి కట్టడం విలువ కలిపి, ఆ మొత్తం మీద పన్ను. నేను రిటైరైన టీచర్ని. ఉన్నది ఒక్క ఇల్లు, మా నాన్నగారు కట్టించింది. రోడ్డు వెడల్పు చేశారు, చుట్టూ షాపులొచ్చాయి, గజం ధర ఎక్కడికో పోయింది. అందులో నా చేతికి వచ్చిందేమిటి? నేను అమ్మను. అమ్మని ఇంటికి ధర పెరిగితే నా పెన్షన్ పెరుగుతుందా? 2020-21లో 4,000 కట్టాను, ఈ ఐదేళ్ళలో 8,000 దాటింది. ఇది న్యాయమని ఎవరైనా చెప్పండి, వింటాను.

ఫ్లాట్402
అడిగారు కాబట్టి చెప్తున్నా మాస్టారూ. పాత పద్ధతిలో లెక్కంతా కట్టడం విస్తీర్ణం మీదే. నా ఫ్లాట్ 1,150 చదరపు అడుగులు, నా వాటాకొచ్చిన స్థలం 40 గజాలు. మా వీధి చివర 500 గజాల్లో పాత ఇల్లొకటుంది, అందులో కట్టింది ఇంచుమించు నా ఫ్లాటంతే. ఇద్దరిదీ ఒకటే జోన్, ఒకటే రేటు. పైగా పాతికేళ్ళు దాటిన కట్టడమని ఆయనకు నాకంటే ఎక్కువ తగ్గింపు. అంటే జీతంలో సగం బ్యాంకుకి పోస్తూ కొనుక్కున్నవాడు ఎక్కువ కట్టాలి, తాతలిచ్చిన స్థలంలో ఉన్నవాడు తక్కువ కట్టాలి. అన్నేళ్ళూ న్యాయం గురించి ఎవరూ అడగలేదే?

కారప్పొడి
కుర్చీ లాక్కుని కూర్చున్నా. కానివ్వండి.

వార్డు_మాజీ
మున్సిపల్ రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను, తెలిసింది చెప్తాను. కొత్త పద్ధతికి 2020 నవంబర్‌లో చట్టం మార్చి, అదే నెల 24న జీవో 198 ఇచ్చారు. ఇళ్ళకు మూలధన విలువలో 0.10 నుంచి 0.50 శాతం, వాణిజ్య కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం. ఆ మధ్యలో ఎంత అనేది ఊరి కౌన్సిల్ నిర్ణయించుకోవాలి. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతదారే ఉంటే ఏడాదికి 50 రూపాయలు. ఒక్కసారిగా మోత పడకుండా, పెంపు 15 శాతం దాటకూడదన్నారు. ఐదేళ్ళకోసారి సవరించాల్సిన అద్దె విలువలను ఇళ్ళకు 2002 తర్వాత, షాపులకు 2007 తర్వాత ముట్టుకోలేదు. ఏ ప్రభుత్వం వచ్చినా ఎన్నికల భయమే. అంతకాలం ఆపి ఒక్కసారి మారిస్తే ఇలాగే ఉంటుంది.

పాత_డాబా
15 శాతం దాటకూడదన్నారు, సరే. ఎప్పుడు? ఒక్కసారా, ఏటేటానా? పేపర్లో వచ్చింది చూసి నేను ఒక్కసారే అనుకున్నాను. 4,000 మీద 15 శాతం అంటే 600. సరే, కట్టాను. మరుసటేడాది 4,600 మీద మళ్ళీ 15. ఆ తర్వాత 5,290 మీద 15. ఐదో ఏడాదికి పెంపు ఒక్కటే 1,049 అయింది. "15 శాతం మించదు" అన్న మాట వినడానికి దయగా ఉంది, లెక్కకు మాత్రం ఐదేళ్ళలో రెట్టింపు.

ఫ్లాట్402
అది పెంపు కాదు మాస్టారూ, వాయిదా. మీ ఇంటి విలువ మీద పడాల్సిన పన్ను ముందే తేలిపోయింది. ఉదాహరణకి మీ స్థలం, ఇల్లు కలిపి 80 లక్షలు, మీ ఊళ్ళో రేటు 0.15 శాతం అనుకుందాం. 12,000 రావాలి. మొదటి ఏడాదే 12,000 వేస్తే గుండె ఆగుతుందని మెల్లగా ఎక్కిస్తున్నారు. మీరు ఈ ఐదేళ్ళూ కట్టాల్సిన దానికంటే తక్కువే కట్టారు.

పాత_డాబా
కట్టాల్సిన దానికంటే తక్కువ! ఎవరు నిర్ణయించారు కట్టాల్సింది? ఆ విలువ నేను రాసిచ్చానా? 2025 ఫిబ్రవరి 1న రిజిస్ట్రేషన్ విలువలు మళ్ళీ సవరించారు. అంటే కౌన్సిల్ ఒక్క పైసా రేటు పెంచకపోయినా గమ్యం ఇంకా దూరం జరుగుతుంది. మీ 12,000 రేపు 15,000 అవుతుంది. ఈ మెట్లకి చివరి మెట్టు ఎక్కడుందో ముందు చెప్పండి.

భాగ్యనగరి
మా హైదరాబాద్‌లో ఇళ్ళకు ఇంకా అద్దె విలువే. నెల అద్దె విలువను బట్టి 17 నుంచి 30 శాతం దాకా స్లాబులు, పైన గ్రంథాలయ సెస్సు 8 శాతం. ఏడాది పన్ను ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ. నేను ఏటా ఏప్రిల్లోనే కట్టేస్తా, టెన్షన్ ఉండదు.

కారప్పొడి
గ్రంథాలయ సెస్సు మాకూ ఉంది. మా పేట లైబ్రరీలో పుస్తకాలు ఉన్నాయో లేవో తాళం తీసి చూసినవాడు లేడు.

తులసికోట
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పన్ను ఎంతన్నది తర్వాత, అసలు ఎవరి పేరు మీద వస్తుందన్నది నా బాధ. మా ఇంటి బిల్లు ఇప్పటికీ చనిపోయిన మా మామగారి పేరు మీదే ఉంది. మావారు పోయాక మా మరిది గారు తనే ఆన్‌లైన్లో కట్టేసి, రసీదులన్నీ ఫైలు చేసి పెట్టుకుని, "పన్ను కట్టేది నేను, ఇల్లు నాది" అంటున్నారు. నేను కడదామని వెళ్తే ఈ ఏడాదికి బాకీ ఏమీ లేదంటున్నారు ఆఫీసులో. ఇది చెల్లుతుందా అన్నయ్యా?

వార్డు_మాజీ
చెల్లదమ్మా. పన్ను రసీదు ఆస్తి హక్కు పత్రం కాదు. మున్సిపాలిటీ రిజిస్టర్లో పేరు పన్ను వసూలు కోసమే. రికార్డులో పేరు మారినంత మాత్రాన హక్కు రాదని, ఉన్న హక్కు పోదని సుప్రీంకోర్టు 1996 నాటి తీర్పులోనూ, ఆ తర్వాత చాలాసార్లు చెప్పింది. స్వాధీనంలో ఎవరున్నారన్నదానికి మాత్రం ఆ రసీదులు కోర్టులో కొంత పనికొస్తాయి, అందుకే మీరు ఊరుకోకూడదు. మీ మామగారి మరణ ధ్రువపత్రం, మీ వారిది, వారసుల సర్టిఫికెట్ పెట్టి వారసులందరి పేర్లూ రాయమని అర్జీ ఇవ్వండి. మీ మరిది గారు ఒక్కరి పేరు మీదకే మార్పు పెడితే, మీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటి మాటగా చెప్పి రావద్దు.

ఫ్లాట్402
మళ్ళీ అసలు సంగతికి. మాస్టారు చివరి మెట్టు అడిగారు. చట్టంలో పై హద్దు 0.50 శాతం అని వార్డు గారు పైనే చెప్పారు. 80 లక్షల ఇంటికి అంత పూర్తిగా వేసినా ఏడాదికి 40,000.

పాత_డాబా
"40,000" అని ఎంత తేలిగ్గా రాశారు బాబూ. నా పెన్షన్లో ఒక నెలకంటే ఎక్కువ.

ఫ్లాట్402
అంత వేస్తారని నేననలేదు. ఇంకొకటి అడగాలి, కోపం రావచ్చు. మీరు డాబా అంటున్నారు. డాబా మీద ఏమైనా కట్టారా? కట్టింది రికార్డులో ఉందా? పాత పేటల్లో సగం ఇళ్ళు రిజిస్టర్లో ఒక అంతస్తు, వీధిలో మూడు అంతస్తులు. ఆ వాటాల అద్దెలు తింటూనే పన్ను గురించి ఏడుస్తుంటారు. మా అపార్ట్‌మెంట్లో అలాంటి అవకాశమే లేదు, ప్రతి అడుగూ ప్లాన్‌లో ఉంటుంది.

పాత_డాబా
ఏడవడమా? మా నాన్నగారు పొలం అమ్మి కట్టిన ఇల్లు అది. పైన మా అబ్బాయి కోసం రెండు గదులు వేశాను, ప్లాన్ తీసుకునే వేశాను, పన్ను కూడా వేయించుకున్నాను. వాడు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, గదులు ఖాళీ. వాడూ మీలాగే మాట్లాడతాడు. "ఇంత విలువైన స్థలం పెట్టుకుని ఏం చేస్తావు నాన్నా, డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయ్, నీకు మూడు ఫ్లాట్లొస్తాయి" అని. పన్ను బిల్లు వచ్చినప్పుడల్లా ఫోన్ చేసి మరీ చెప్తాడు. మున్సిపాలిటీ, మా వాడు, బిల్డరు, అందరూ కలిసి ఒకటే మాట చెప్తున్నట్టుంది: ఈ ఇంట్లో ఉండే స్తోమత నీకు లేదు, ఖాళీ చెయ్. స్థలం విలువ మీద పన్ను అంటే అసలు అర్థం అదే కదా? అద్దె విలువ మీద వేసినప్పుడు కనీసం ఇల్లు ఉండటానికి అన్న లెక్క ఉండేది. ఇప్పుడు అమ్మడానికి అన్న లెక్క.

కారప్పొడి
ఇది 15 శాతం గొడవ కాదు, మొదటి నుంచీ కాదు.

ఫ్లాట్402
ఏడవడం అన్నమాట వెనక్కి తీసుకోను, మీ గురించి కాదు కాబట్టి. సరే, మీరు మనసులో మాట చెప్పారు, నేనూ చెప్తాను. మా కాలనీ వచ్చి పన్నెండేళ్ళయింది. డ్రైనేజీ కాల్వ మా వీధి ముందే ఆగిపోయింది. వర్షం వస్తే సెల్లార్లో నీళ్ళు, మోటార్ పెట్టి తోడుకునేది మేమే, డీజిల్ మాదే. అడిగితే నిధులు లేవంటారు. మీ పాత పేటలో మాత్రం కాల్వ ఉంది, సిమెంటు రోడ్డుంది, పొద్దున్నే చెత్త బండి వస్తుంది. నిధులు ఎక్కడ్నుంచి వస్తాయి? విలువైన స్థలాలున్నవాళ్ళు 2002 నాటి లెక్కన కడుతూ కూర్చుంటే రావు. ఆ మెయిన్ రోడ్డు వెడల్పు చేసింది ఎవరి డబ్బుతో? మీ గజం ధర పెరిగింది మీ నాన్నగారి వల్ల కాదు, ఆ రోడ్డు వల్ల.

పాత_డాబా
ఆ రోడ్డు కోసం మా ప్రహరీ కొట్టేశారు. అది కూడా రాసుకోండి.

భాగ్యనగరి
ఇళ్ళు అద్దెకిచ్చినవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, కట్టిన ఇంటి పన్నుని ఇన్‌కంటాక్స్‌లో అద్దె ఆదాయంలోంచి తీసేయొచ్చు. ఆ ఏడాదిలో నిజంగా కట్టి ఉండాలి, బాకీ పెడితే కుదరదు.

వార్డు_మాజీ
ఇద్దరూ కౌన్సిల్‌ని తిడుతున్నారు, మూలం అక్కడ లేదు. 2020 మేలో కరోనా అప్పుడు కేంద్రం రాష్ట్రాల అప్పు పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 నుంచి 5 శాతానికి పెంచింది, కానీ అందులో కొంత భాగానికి షరతులు పెట్టింది. ఇంటి పన్ను కనీస రేట్లు రిజిస్ట్రేషన్ విలువలకు తగ్గట్టు ఉండాలన్నది అందులో ఒకటి. ఆ షరతు ముందుగా పూర్తి చేసిన రాష్ట్రాల్లో మనదొకటి. తర్వాత 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణాలకు గ్రాంట్లు కావాలంటే ఇంటి పన్ను కనీస రేట్లు ప్రకటించాలి, వసూళ్ళు రాష్ట్ర స్థూల ఉత్పత్తితో పాటు పెరగాలి అంది. కాబట్టి మళ్ళీ అద్దె విలువకు వెళ్ళడం అంత సులువు కాదు. 2021లో తెచ్చిన చెత్త పన్ను వేరే, అది 2024లో తీసేశారు. దీన్నీ అలాగే తీసేస్తారని ఎదురుచూస్తూ బాకీ పెట్టకండి, నెలకు 2 శాతం వడ్డీ. విస్తీర్ణం, స్థలం, కట్టడం వయసు తప్పుగా పడి ఉంటే మాత్రం నోటీసులో ఇచ్చిన గడువు లోపు రివిజన్ పిటిషన్ పెట్టండి. చాలామంది బిల్లులో మొత్తం చూస్తారు తప్ప కొలతలు చూడరు.

పాత_డాబా
కొలతలు సరిగ్గానే ఉన్నాయి. నా ప్రశ్న వేరు. ఆ పెరిగిన విలువ నాకు అమ్మినప్పుడే కదా చేతికొస్తుంది. అయితే అప్పుడే తీసుకోండి. పాత లెక్కన ఏటా కడతాను, మిగతాది ఇంటి మీద బాకీగా రాసుకుని, నేను అమ్మినప్పుడో, నా తర్వాత పేరు మారినప్పుడో వసూలు చేసుకోండి. వృద్ధులకు, ఒక్క ఇల్లే ఉన్నవాళ్ళకు.

ఫ్లాట్402
అప్పటిదాకా మా కాల్వ ఎవరు తవ్వుతారు?

వార్డు_మాజీ
మన చట్టంలో అలాంటిది లేదు మాస్టారూ. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో ఉంది. 55 నిండినవాళ్ళ తరఫున ప్రభుత్వమే మున్సిపాలిటీకి కట్టేసి, ఇంటి మీద అప్పుగా రాసుకుంటుంది, అమ్మినప్పుడు వడ్డీతో తీసుకుంటుంది. అలా అయితే మున్సిపాలిటీకి డబ్బు ఆగదు.

పాత_డాబా
వడ్డీ నెలకు 2 శాతం కాకపోతే నాకు సమ్మతమే. ఫ్లాట్ బాబుకి కాల్వ డబ్బులు వెంటనే అందుతాయి, నన్ను ఎవరూ లేవమనరు.

ఫ్లాట్402
మీ అబ్బాయి నెత్తిన పడుతుంది ఆ అప్పు, అది మీరూ మీరూ చూసుకోండి. నాకు అభ్యంతరం లేదు. కానీ ప్రభుత్వం మీ తరఫున ముందు కడుతుందంటే మాత్రం నమ్మను. తన సొంత ఆఫీసులకే కట్టదు.

వార్డు_మాజీ
ఆ మాటకి ఎదురు చెప్పలేను. నా సర్వీసులో ఎక్కువ డిమాండ్ నోటీసులు ఇచ్చింది వాళ్ళకే.