టీచర్స్ డే: అపాస్ట్రఫీ ఎస్‌కి ముందా, తర్వాతా?

సెప్టెంబరు 5కి నెల్లూరు ట్రంకు రోడ్డులో కట్టే ఫ్లెక్సీలు చూడండి. టీచర్స్ డే మూడు రకాలుగా కనబడుతుంది. కొన్నిట్లో అపాస్ట్రఫీ (అక్షరం పక్కన పైన పెట్టే కామా లాంటి గుర్తు) ఎస్‌కి ముందు, కొన్నిట్లో తర్వాత, కొన్నిట్లో అసలుండదు. చెవికి మూడూ ఒకటే, అదీ తంటా. తెలుగులో పలికితేనే తేలిపోతుంది గదా: టీచరు, టీచర్లు, టీచర్ల.

అందుకే మా ట్యూషన్ పిల్లల్ని ముందు తెలుగులో అనుకోమంటాను. 'లు' వస్తే ఉత్త ఎస్. 'ల' వస్తే ఎస్ రాసి తర్వాత అపాస్ట్రఫీ. ఒక్కరిదే అయితే అపాస్ట్రఫీ పెట్టి ఎస్. టీచర్ల రోజు కాబట్టి ఎస్ తర్వాతే. లీవ్ లెటర్లో రెండు రోజుల సెలవడిగితే డేస్ తర్వాత, ఒక్కరోజుకైతే ఎస్‌కి ముందు. కేంబ్రిడ్జిలో 1448 నాటి క్వీన్స్ కాలేజీకి ఎస్ తర్వాత ఉంటుంది, దాన్ని పోషించింది ఇద్దరు రాణులు. ఆక్స్‌ఫర్డ్‌లో 1341 నాటి క్వీన్స్ కాలేజీది ఒక్క రాణి పేరు, అక్కడ ముందే.

కావలి నుంచి: మరి చిల్డ్రన్స్ డే ఎట్టా సార్? పిల్లల రోజే గదా, 'ల' ఉందే!

జవాబు: చిల్డ్రన్ బహువచనమే అయినా చివర ఎస్ లేదు. అందుకని అపాస్ట్రఫీ, ఆ తర్వాత ఎస్. మెన్, విమెన్ అంతే.

ఒంగోలు నుంచి: సూత్రం బానే ఉంది గానీ పది రూపాయల నోటు దగ్గర బోల్తా కొడుద్ది. 'ల' ఉన్నా టెన్ రుపీ నోటే. ఎస్సూ లేదు, అపాస్ట్రఫీ లేదు.

జవాబు: బాగా పట్టారు. అంకె, కొలత కలిసి నోటుకి విశేషణమైతే ఏకవచనమే, మధ్యలో చిన్న గీత. ఫైవ్ ఇయర్ ప్లాన్ అట్టాంటిదే. ముందు 'ఎ' పెట్టి చూడండి. 'ఎ టెన్ రుపీ నోట్' అనొచ్చు. 'ఎ టూ డేస్ లీవ్' కుదరదు, లీవ్‌ని నోట్లలాగా లెక్కపెట్టరు.

కావలి నుంచి: బస్సులో 'ఒక లేడీస్ నిలబడుంది, సీటివ్వండి' అంటారే, అదేంది?

జవాబు: అది తెలుగే అయిపోయిందబ్బా, బస్సులో చెల్లుతుంది, అప్లికేషన్లో రాయకండి. నాకు చిరాకు 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అంటేనే. 'నా స్నేహితుల్లో ఒకడు' అని తెలుగులో బహువచనం శుభ్రంగా పలుకుతాం, ఇంగ్లీషులోకి పోగానే ఎస్‌ని మింగేస్తాం.