పిల్లల చేత వస్తువులు అమ్మించడం కరెక్టేనా? కాస్త సలహా చెప్పండి

అందరికీ నమస్తే. మా పాపకి 9 ఏళ్లు, ఒక యూత్ గ్రూప్‌లో ఉంది, చాలా ఇష్టంగా వెళ్తుంది. ఇప్పుడు క్యాంపు ఖర్చులకని తలా 20 కొవ్వొత్తుల డబ్బాలు, ఒక ఆర్డర్ ఫారం చేతిలో పెట్టి అమ్ముకురమ్మన్నారు. ఎక్కువ అమ్మిన వాళ్లకి ప్రైజులంట, ఎవరెన్ని అమ్మారో గోడ మీద చార్ట్ కూడా పెట్టారు.

నిన్న సాయంత్రం పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి నేర్పించిన మాటలే గబగబా అప్పజెప్పేసింది, ఆవిడ మొన్నే వేరే పిల్లాడి దగ్గర కొన్నారట, అయినా పాప మొహం చూసి కాదనలేక ఇంకోటి తీసుకున్నారు. నాకు అక్కడే మనసు చివుక్కుమంది. కొన్నది వస్తువు అవసరమయ్యా, పిల్ల ముందు మొహమాటపడా? పైగా వచ్చిన దాంట్లో దాదాపు సగం ఆ వస్తువులు సప్లై చేసే కంపెనీకే పోతుందని గ్రూప్ వాళ్లే చెప్పారు.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 32వ అధికరణం పిల్లల్ని ఆర్థిక దోపిడీ నుంచి కాపాడాలంటుంది, ఇది అంత పెద్ద విషయం కాదని తెలుసు, కొత్తవాళ్లతో మాట్లాడే ధైర్యం, లెక్కలు వస్తాయన్నదీ నిజమే. కానీ ఆ చార్ట్ మాత్రం నాకు అస్సలు నచ్చలేదు, అమ్మానాన్నల ఆఫీసులో అమ్మిపెట్టేవాళ్లున్న పిల్లలే పైన ఉంటారు కదా.

మీ పిల్లలకి ఇలా వస్తే ఏం చేశారు? డబ్బులు నేరుగా ఇచ్చేస్తామంటే ఒప్పుకుంటారా, పాప ఒక్కత్తే వేరుగా అయిపోకుండా వాళ్లతో ఎలా మాట్లాడాలి?