అవ్వ దాచిన కొర్ర విత్తనం, ఎట్లా నిలబెట్టుకునేది?

కళ్యాణదుర్గం దగ్గర మాది 4 ఎకరాల ఎర్ర నేల, అంతా శెనక్కాయే. చుట్టూ చేన్లు సోలారోళ్లకు లీజుకు పోయినాయి.

మా అవ్వ పోయినాక అటక మీద కుండలో బూడిద కలిపిన కొర్రలు దొరికినాయి, కిలోకు పైగా. మూడేండ్లవి. తడిగుడ్డలో 100 గింజలు కడితే 38 మొలిచినాయి. ఎకరాకు 2 కిలోలు చాలంటారు గదా, ఇవి ఎంత చోటికి సరిపోతాయి?

పక్కన మిగిలిన ఒక్క చేన్లో సూర్యనంది అనే కొర్ర రకం వేసినారు. కొర్రలో పరాగం బయటికి పోయేది తక్కువ, కళ్లంలోనే కలిసిపోతాయని నా భయం. ఎంత ఎడం పెట్టాల?

మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల 2001 చట్టం కింద రైతు రకంగా ఎవరన్నా నమోదు చేయించినారా? విత్తనం ఎంత అడిగినారు?