కిడెపో వ్యాలీ (ఉగాండా): 3 రాత్రులకి ఏ నెల, ఏ దారి, ఏ పల్లె?

నడకదారి (ప్రశ్న):

ఎంటెబ్బే విమానాశ్రయంలో దిగి కిడెపో వ్యాలీ నేషనల్ పార్కుకి వెళ్లాలి. నలుగురం. మొత్తం 7 రోజులు, అందులో పార్కులో 3 రాత్రులు. ఫిబ్రవరి, ఆగస్టు రెండూ కుదురుతాయి. రోడ్డు మీద వెళ్లడం మేలా, చిన్న విమానమా? చీతా కనిపిస్తుందా? (చిరుత కాదు, చీతానే.) పశువులు కాసే కరమోజోంగ్ తెగ పల్లె, మొరుంగోలె కొండ మీది ఇక్ తెగ వాళ్ల పల్లె రెండూ చూడాలని ఉంది. జనాన్ని జూలో చూసినట్టు చూసి రాకుండా ఎలా వెళ్లాలో కూడా చెప్పండి.

ఇసుకవాగు:

ఫిబ్రవరి. ఇందులో ఆలోచించాల్సింది లేదు. పార్కు ఉన్న కరమోజా ప్రాంతంలో వానాకాలం ఒక్కటే, సుమారు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా. ఆగస్టులో గడ్డి నిలువెత్తు పెరుగుతుంది, సింహం పది అడుగుల దూరంలో పడుకున్నా కనపడదు. పైగా లోయలో చాలాచోట్ల నల్లరేగడి. ఒక్క వాన పడితే టైరు ట్రెడ్ మొత్తం బురదతో నిండి నున్నగా అయిపోతుంది, ఫోర్‌వీల్ వేసినా బండి పక్కకే జారుతుంది. ఫిబ్రవరిలో ఎండ దంచేస్తుంది, తగలబెట్టిన గడ్డి పొగకి దూరపు కొండలు మసకబారతాయి. ఫొటోలకి అది నష్టమే. కానీ జంతువులన్నీ మిగిలిన నీటి దగ్గరికే చేరతాయి కాబట్టి ఆ నష్టం భరించొచ్చు.

దారి: కంపాలా, కరుమా, గులు, కిట్గుమ్, కరెంగా, అపోకా (పార్కు లోపలి బస). సుమారు 570 కి.మీ. ఒక్క రోజులో 10-12 గంటల్లో పోవచ్చంటారు. పోవచ్చు గానీ పోవద్దు. ఆలస్యమైతే చీకట్లో మట్టిరోడ్డు మీద పశువుల మందలు ఎదురొస్తాయి, రాత్రి పార్కులో బండి నడపనివ్వరు. గులులోనో కిట్గుమ్‌లోనో రాత్రి ఆగి, పొద్దున్నే బయల్దేరండి. కిట్గుమ్ నుంచి ఇంకో 3-4 గంటలు, ఎక్కువ భాగం మట్టిరోడ్డే. ట్యాంకు నింపడం, డబ్బు తీయడం కిట్గుమ్‌లోనే అయిపోవాలి. ఆ తర్వాత బంకు, ఏటీఎం ఉంటాయనే లెక్క పెట్టుకోవద్దు.

బండి విషయానికొస్తే, కంపాలాలో చవగ్గా దొరికే చిన్న ఎస్‌యూవీలు పార్కు దక్షిణాన ఉన్న నారుస్ లోయ వరకు చాలు. కిడెపో వాగు ఇసుక దాటాలంటే మాత్రం ల్యాండ్ క్రూజర్ లాంటిది కావాలి. స్టెప్నీలు రెండు, 12 వోల్టుల కంప్రెసర్, పార, టో తాడు ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే డిక్కీ తెరిపించి చూడండి. ఇసుకలో దిగేముందు టైర్ల గాలి 20 పీఎస్‌ఐ దాకా దించాలి, వేగం తగ్గకుండా ఒకే గేర్లో లాగాలి. ఇరుక్కున్నాక యాక్సిలరేటర్ తొక్కితే చక్రం గొయ్యి తవ్వుకుంటుంది తప్ప బండి కదలదు. గట్టి నేల ఎక్కగానే గాలి మళ్లీ కొట్టాలి, లేకపోతే టైరు పక్కలు వేడెక్కి చిరుగుతాయి.

విమానమైతే సామాను మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచుల్లో. చక్రాల సూట్‌కేసు ఎక్కించుకోరు. కెమెరా బ్యాగు కూడా ఆ 15లోనే. దిగాక బండి సొంతంగా ఉండదు కాబట్టి లాడ్జి బండి ముందే మాట్లాడుకోవాలి.

బైనాక్యులర్:

పార్కు 1,442 చ.కి.మీ. ఉన్నా జంతువుల పరంగా రెండు లోయలే అనుకోండి. దక్షిణాన నారుస్, అక్కడ ఏడాది పొడవునా నీళ్లుంటాయి. ఉత్తరాన కిడెపో, అక్కడ వాగు ఏడాదిలో ఎక్కువ భాగం ఒట్టి ఇసుకే. మీ మూడు పొద్దుటి పూటల్లో రెండు నారుస్‌కే ఇవ్వండి. ఆరున్నరకల్లా బండి కదలాలి. చల్లటి పూట సింహాలు బండరాళ్ల గుట్టల మీద ఉంటాయి, ఎండెక్కితే నీడకి దిగిపోతాయి. అందుకే ప్రతి గుట్ట దగ్గరా ఇంజన్ ఆపి, రాయి అంచుల్ని 8×42 బైనాక్యులర్‌తో ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చూడాలి. చెవి కదిలితే తప్ప రాయికీ సింహానికీ తేడా తెలియదు.

కేప్ బఫెలోలు వందల మందల్లో కనిపిస్తాయి. జీబ్రాల మెడ వెనక చూడండి, ఇక్కడ చాలావాటికి జూలు ఉండదు. జిరాఫీలు 1990ల్లో వేట దెబ్బకి మూడే మిగిలాయి, కెన్యా నుంచి మరికొన్ని తెచ్చి కలిపాకే మళ్లీ మంద అయింది.

చీతా సంగతి: ఉగాండాలో వాటికి మిగిలిన కొద్ది చోట్లలో ఇదొకటి, కానీ సంఖ్య తక్కువ. 3 రాత్రుల్లో కనిపించకపోవడమే మామూలు. "గ్యారంటీగా చూపిస్తాం" అనే టూర్‌వాళ్లని నమ్మొద్దు. వెతికితే గడ్డి పొట్టిగా ఉన్న చదును నేలల్లో వెతకండి. ఉష్ట్రపక్షులు కూడా అలాంటి చోటే ఉంటాయి, అవైతే దొరుకుతాయి.

కిడెపో లోయకి ఒక పూట చాలు. జంతువుల కోసం కాదు, వాగు కోసం. గట్టు పొడవునా తాడిచెట్లు, మన తాడికి ఆఫ్రికా తోబుట్టువు. నడుం దగ్గర ఉబ్బుగా ఉంటుంది. ఆ పండ్లు ఏరుకుని పులియబెట్టి కల్లు చేసేవారట, 'కిడెపో' పేరు కూడా 'ఏరుకోవడం' అనే మాట నుంచే వచ్చిందంటారు. ఇంకా ముందుకెళ్తే కనంగొరోక్ వేడినీటి ఊటలు, ఆపైన దక్షిణ సూడాన్ సరిహద్దు. తుపాకీ ఉన్న రేంజర్ లేకుండా అటు వెళ్లొద్దు, అపోకాలో ముందురోజే చెప్పి ఉంచండి.

సెట్సీ ఈగలు (రక్తం పీల్చే ఈగలు) ఉన్న చోట నీలం, నలుపు బట్టలు వద్దు, అవి ఆ రంగులకే వస్తాయి. పల్చటి చొక్కా మీద నుంచి కూడా కుడతాయి. దోమల క్రీము వాటికి పెద్దగా పనిచేయదు.

రాళ్లగుట్ట:

పల్లెల గురించి. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. మొరుంగోలె 2,749 మీటర్ల కొండ, రేంజర్‌తో పోయి రావడానికి పగలంతా పడుతుంది. మనిషికి 3 లీటర్ల నీళ్లు, మడమ పట్టే బూట్లు. మీ నలుగురిలో ఒక్కరికి మోకాళ్లు బాగోలేకపోయినా మానేయండి, దిగేటప్పుడే అసలు కష్టం.

ఇక్ వాళ్లని "స్వార్థపరులైన తెగ" అని రాసిన పాత రాతలు చదివి వెళ్లకండి. అవి 1960ల కరువులో తిండిలేని మనుషుల్ని చూసి రాసినవి. 1962లో పార్కు ఏర్పడ్డాక వాళ్లు వేటాడి, ఏరుకుని బతికిన నేల వాళ్లకి అందకుండా పోయింది. ఆ మాట మనసులో పెట్టుకుని వెళ్లండి.

కరమోజోంగ్ మన్యాట్టా (దడి కట్టిన పల్లె) పార్కు అంచున లొరుకుల్‌లో చూడొచ్చు. చుట్టూ కంపతో అల్లిన దడి, లోపలికి దారి నడుం వంచి పాకినట్టు దూరేంత చిన్నది. పశువుల దొంగతనానికి వచ్చినవాడు ఒక్కొక్కడే, తల ముందు పెట్టి దూరాల్సి రావాలనే అలా కట్టారు. లోపల గుడిసెలు, జొన్నల గాదెలు, పశువుల దొడ్డి. మగవాళ్ల చేతిలో చిన్న చెక్కపీట చూస్తారు, పేరు ఎకిచొలోంగ్. పగలు కూర్చోడానికి, రాత్రి తలకింద పెట్టుకోడానికి. ఎవరైనా వాడుతున్నదాన్ని అమ్మమని అడక్కండి, అమ్మకానికి చేసినవి వేరే ఉంటాయి.

పద్ధతి: డబ్బు మాట దడి బయటే, గైడ్ ద్వారా, పెద్దలతో తేల్చుకోవాలి. ఒక్కొక్కరికి విడివిడిగా ఇస్తే లోపల తగువులు పెట్టినట్టే. పిల్లలకి చాక్లెట్లు పంచొద్దు. "ఎజోకా?" అని పలకరించండి, "బాగున్నారా?" అన్నట్టు. కెమెరా మొదటి అరగంట సంచిలోనే ఉండనివ్వండి.

నడకదారి:

చాలా థ్యాంక్స్ అండి. పార్కు వాళ్ల బండాల్లో (అద్దెకిచ్చే గుడిసెల్లో) ఉండొచ్చా? టికెట్ రోజు లెక్కా?

ఇసుకవాగు:

టికెట్ 24 గంటల లెక్క. మధ్యాహ్నం 2కి గేటు దాటితే మర్నాడు 2 దాకా. మూడు రాత్రులకి మూడు టికెట్లు చాలాలంటే నాలుగోరోజు 2 లోపు బయటపడాలి. గంట ఆలస్యమైతే నలుగురికీ నాలుగో టికెట్. గేటు దగ్గర నోట్లు తీసుకుంటారని వెళ్లకండి, కార్డుతోనో మొబైల్ మనీతోనో కట్టాలి. సిగ్నల్ దొరక్కపోతే అక్కడే ఆగిపోతారు, అందుకే ముందే కట్టించుకోవడం నయం.

అపోకా బండాలు బాగానే ఉంటాయి. సరుకులు మీరే తెచ్చుకోండి. కరెంటు తక్కువ, కెమెరా బ్యాటరీలు బండిలోనే చార్జ్ చేసుకోండి. టెంటు వేసుకుంటే తిండి, ముఖ్యంగా పండ్లు, అందులో పెట్టుకోవద్దు, ఏనుగులు వాసన పట్టి వస్తాయి. రాత్రి టార్చి వేసుకునైనా టాయిలెట్‌కి ఒంటరిగా నడవొద్దు. బఫెలోలు గుడిసెల మధ్యే మేస్తుంటాయి.

బైనాక్యులర్:

ఇంకోటి. వీసా ఆన్‌లైన్‌లోనే, ఒక ఎంట్రీకి 50 డాలర్లు. దరఖాస్తులో ఎల్లో ఫీవర్ కార్డు అప్‌లోడ్ చేయమంటుంది, టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. మలేరియా మాత్రలు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే తిరిగొచ్చాక ఇంకా 7 రోజులు వేసుకోవాలి, డాక్సీసైక్లిన్ అయితే 4 వారాలు. చాలామంది ఇంటికి రాగానే ఆపేస్తారు, జ్వరం ఆ తర్వాతే వస్తుంది.