‘దేశి సరుకుల నమ్మవలెనోయి’: అమ్మాలా, నమ్మాలా?

అనకాపల్లి నుంచి: మొన్న నక్కపల్లి వైపు వెళ్తుంటే హైవే పక్కన ఒక ఫ్లెక్సీ చూశాను. రాబోయే ఫ్యాక్టరీల బొమ్మలు, ఎన్ని వేల ఉద్యోగాలో పెద్ద అక్షరాల్లో, కింద గురజాడ వారి ‘దేశమును ప్రేమించుమన్నా’ గేయంలోని పాదం ‘దేశి సరుకులు నమ్మవలెనోయి’. నాకు ‘సరుకుల’ అనే గుర్తు. బండి మీద వెనక కూర్చున్న మా పాప, ‘నమ్మడమంటే నమ్మకమా నాన్నా?’ అంది. చటుక్కున చెప్పలేకపోయాను. దీని ముందు పాదం ‘అన్ని దేశాల్ క్రమ్మవలెనోయి’యే కదా?

పద్యప్రియ: అదేనండీ. సరుకులన్ + అమ్మవలెన్. నకారం ద్వితీయా విభక్తిది, క్రియ ‘అమ్ము’. వెంటనే ‘డబ్బు తేలేనట్టి నరులకు’ అంటాడు కవి. సరుకు అమ్మితేనే గదా డబ్బు!

విజయనగరం మాస్టారు: ఆ నకారం అంత తేలిగ్గా వదలదు. ‘నిన్ను నమ్మితి’ అన్నట్టే ‘సరుకుల నమ్మవలె’ అన్నా అన్వయం కుదురుతుంది. స్వదేశీ ఉద్యమపు వేడి చల్లారని రోజులవి. ఛందస్సు కూడా తీర్పు చెప్పదు. దేశి / సరుకుల / నమ్మ / వలెనోయ్: మూడు, నాలుగు, మూడు, నాలుగు. ఎలా విరిచినా 14 మాత్రలే. ఫ్లెక్సీలో ‘ల’కి కొమ్ము పెట్టినా మాత్రలు చెడవు, కానీ సంధి పోతుంది. అప్పుడు అమ్మడానికి దారి మూసుకుపోయి నమ్మడం ఒక్కటే మిగులుతుంది.

పద్యప్రియ: కొమ్ము సంగతి నాకు తట్టలేదు మాస్టారూ. అయినా నా పట్టు విడవను. అంతకుముందే ‘కళలెల్ల నేర్చుకు’ సరుకులు నింపమన్నాడు. కళలంటే అక్కడ చేతి పనితనం. నేర్చుకో, తయారుచెయ్యి, అమ్ము, వరస అదీ. నమ్మకాన్ని మధ్యలోకి తెస్తే ఆ నడక తెగిపోతుంది.

అచ్యుతాపురం షిఫ్ట్: నాకు ఛందస్సు రాదు గానీ ‘నేర్చుకు’ దగ్గర ఆగిపోయాను. ఐటీఐ ఫిట్టర్ చేశాను. ఇక్కడ ఒక కంపెనీలో ఏడేళ్లుగా పని. రోల్ మీద ఉన్నవాళ్లకు నీలం బ్యాడ్జీ, కాంట్రాక్టు వాళ్లకు పసుపు. నాది ఇప్పటికీ పసుపే. ప్రకటనల్లో ‘ప్రత్యక్షంగా, పరోక్షంగా’ అంటారే, నేను ఏ లెక్కలోకి వస్తాను? గేటు ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న మా అత్త?

విజయనగరం మాస్టారు: బాబూ, అక్షమంటే కన్ను. కంటి ఎదుట ఉన్నది ప్రత్యక్షం, కంటికి ఆవల ఉన్నది పరోక్షం. ఎదురుగా నిలబడి పనిచేస్తున్నవాడివి, మాట ప్రకారం నువ్వు ప్రత్యక్షమే. ఏ లెక్కలో వేశారో ప్రకటించినవాళ్లే విడమరిచి చెప్పాలి. విశాఖ పెట్టుబడుల సదస్సుల్లో 2023 మార్చిలో 6 లక్షల ఉద్యోగాలన్నారు, 2025 నవంబరులో 16 లక్షలన్నారు. మధ్యలో ప్రభుత్వం మారింది. క్రియ మారలేదు, రెండుసార్లూ ‘వస్తాయి’. ‘వచ్చాయి’ అనే లెక్క ఊరూ పేరుతో అచ్చయితే మనకు నమ్మడానికి ఆధారం ఉంటుంది. ఆ సంఖ్యలన్నీ అవగాహన ఒప్పందాల (ఎంఓయూల) మీద కట్టినవి.

తెనాలి పాఠకుడు: మాస్టారు సరిగ్గా రాశారు. పత్రికలు ‘అవగాహనా ఒప్పందం’ అని దీర్ఘం లాగుతున్నాయి, అది తప్పు. మూలం అవగాహనం, నపుంసకం. అసలు అర్థం నీళ్లలో మునగడం. లోతు తెలియడం తర్వాత వచ్చిన అర్థం.

పద్యప్రియ: దీర్ఘం వాడుకలో స్థిరపడింది లెండి. ఒకటి చెప్పాలి: గురజాడ పుట్టింది ఎస్.రాయవరంలో. నక్కపల్లి పక్క మండలమే. ఆ పాదాన్ని కొమ్ము తప్పుతో అక్కడ కట్టడం నాకు నిజంగా బాధగా ఉంది.

అచ్యుతాపురం షిఫ్ట్: పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకేనని 2019లో చట్టం చేశారు. అందులో పసుపు బ్యాడ్జీ కలుస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

అనకాపల్లి నుంచి: ఇవాళ మళ్లీ అటు వెళ్లి ఫొటో తీశాను. ‘లు’ అనే ఉంది. ఇంకోటి, సంఖ్య పక్కన ‘ఉద్యోగాలు’ అని ఆపేశారు. ఆ తర్వాత క్రియే లేదు.

విజయనగరం మాస్టారు: ఫొటో పెట్టండి. తొలి ముద్రణ ఎవరి దగ్గరున్నా ఆ పేజీ కూడా. అందులో ‘ల’కి కొమ్ముందో లేదో చూద్దాం.