ఇన్‌డిజైన్‌లో బ్రాహ్మి: ఒత్తులు విడిపోతున్నాయి, భట్టిప్రోలు దీర్ఘాలు కుదరడం లేదు

ప్రశ్న: శాసన పాఠాల పుస్తకానికి పేజీలు కడుతున్నాను. ఫాంటు నోటో సాన్స్ బ్రాహ్మి, అంటే పాత శాసనాల బ్రాహ్మి లిపికి. వర్డ్‌లో బాగానే ఉన్న సంయుక్తాక్షరాలు పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తేగానే విడిపోతున్నాయి. శీర్షికల్లో గులాబీ రంగు పట్టీ పడుతోంది. భట్టిప్రోలు శాసనాల పాఠంలో 'క', 'కా' తేడా ఎలా చూపించాలి? ప్రెస్సువాళ్లు అక్షరాలన్నిటినీ అవుట్‌లైన్ చేసి, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా మార్చి ఇమ్మంటున్నారు, ఇవ్వొచ్చా?

జవాబు 1: ఒత్తులు విడిపోతున్నాయంటే కంపోజర్, అంటే అక్షరాల్ని పంక్తిలో పేర్చే భాగం, మారలేదన్నమాట. యూనికోడ్ తెలుగుకు వచ్చే తిప్పలే ఇదీ. పేరాగ్రాఫ్ స్టైల్ తెరిచి, జస్టిఫికేషన్‌లో కంపోజర్ దగ్గర 'అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకోండి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోనూ ఉంటుంది గానీ స్టైల్లోనే పెట్టండి. లేకపోతే 200 పేజీల తర్వాత ఏ పేరా మిగిలిపోయిందో వెతుక్కోవాలి.

పరీక్షకు 'స్త' చాలు. వర్డ్‌లో అక్షరం యూనికోడ్ సంఖ్య 11032 కొట్టి ఆల్ట్+ఎక్స్ నొక్కండి, అలాగే 11046, 11022. వరసగా స, విరామం (పొల్లు గుర్తు), త. దాన్ని ఇన్‌డిజైన్‌లో అతికించండి. తిరగేసిన ఇంగ్లిషు 'వై'లా ఉండే త, స కిందకి దిగితే కంపోజర్ పనిచేస్తున్నట్టే. రెండూ పక్కపక్కనే నిలబడితే ఆ పేరాకి ఇంకా పాత కంపోజరే ఉంది. ఒత్తు కలవకుండా పొల్లే కనబడాలనుకున్నచోట విరామం తర్వాత 200సి, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్, పెట్టండి.

గులాబీ పట్టీ సంగతి వేరు. శీర్షిక స్టైల్ బోల్డ్ అడుగుతోంది, ఈ ఫాంటుకి రెగ్యులర్ ఒక్కటే ఉంది. ఇన్‌డిజైన్ దొంగ బోల్డ్ తయారుచేయదు, ఫాంటు లేదని చెబుతుంది. క్యారెక్టర్ స్టైల్లో రెగ్యులర్ పెట్టి, లాంగ్వేజ్ 'నో లాంగ్వేజ్' చేయండి. ఒత్తులు కిందకి దిగుతాయి కాబట్టి పంక్తుల మధ్య దూరానికి ఆటో లీడింగ్ వద్దు. 12 పాయింట్ల అక్షరానికి 20 పెట్టి చూడండి.

జవాబు 2: భట్టిప్రోలు దగ్గరే అసలు చిక్కు. మామూలు (అశోక) బ్రాహ్మిలో దీర్ఘం అనుకునే గుర్తు, 11038, అక్కడ హ్రస్వ అకారానికి వాడారు. దీర్ఘానికి వేరే గుర్తు ఉంది, దానికి యూనికోడ్ 11039 కేటాయించింది. కాబట్టి 'క' అంటే 11013, 11038. 'కా' అంటే 11013, 11039.

లిప్యంతరీకరణ పనిముట్టుతో మార్చిన పాఠమైతే దాదాపు అన్నీ అశోక బ్రాహ్మి పద్ధతిలోనే వస్తాయి. వాటిని రెజెక్స్ (నమూనాతో వెతికి మార్చే పద్ధతి) తెలిసిన టెక్స్ట్ ఎడిటర్‌లో సరిచేసుకున్నాకే పేజీలోకి తెచ్చుకోండి. ముందు 11038 ఉన్నచోటల్లా 11039 చేయాలి. ఆ తర్వాత, స్వరగుర్తు గానీ విరామం గానీ లేని ప్రతి హల్లుకీ 11038 చేర్చాలి. వరస తప్పితే హ్రస్వాలన్నీ దీర్ఘాలైపోతాయి, వెనక్కి తేవడానికి మూలం చూసి ఒక్కొక్కటే దిద్దుకోవాలి.

ఒక మాట. ఘ, మ లాంటి కొన్ని అక్షరాల రూపమే భట్టిప్రోలులో వేరు. నోటోలో కనబడేది అశోక బ్రాహ్మి రూపం. ఆ తేడా మీ పుస్తకానికి ముఖ్యమైతే పక్కన శాసన ప్రతిబింబం వేయండి. అక్షరాన్ని తిప్పి అతికించే తెలివి మాత్రం వద్దు, వెతికినా దొరకదు, తర్వాతి ముద్రణలో ఎవరికీ అర్థం కాదు.

ప్రశ్న: కంపోజర్ మార్చాక కలిశాయండీ, ధన్యవాదాలు. కానీ ఖాళీల్లేని పొడుగు వరస ఫ్రేము అంచున ఎక్కడో విరుగుతోంది.

జవాబు 1: పదం ఎక్కడ ముగుస్తుందో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు కదండీ. టైప్ మెనూలో ఇన్సర్ట్ బ్రేక్ క్యారెక్టర్, అందులో డిస్క్రీషనరీ లైన్ బ్రేక్. మీరు పదవిభాగం చేసుకున్న చోటల్లా పెట్టండి. అది కనబడదు, అవసరమైతేనే పంక్తి అక్కడ విరుగుతుంది, గీత పడదు. శాసనంలోని పంక్తులనే యథాతథంగా చూపిస్తున్నట్టయితే ఇదేమీ వద్దు, షిఫ్ట్+ఎంటర్ చాలు.

జవాబు 3: అవుట్‌లైన్ అక్కర్లేదు. ముద్రణకు వాడే పీడీఎఫ్/ఎక్స్-4గా ఎగుమతి చేస్తే ఫాంటు లోపలే ఉంటుంది, నోటో లైసెన్సు కూడా దానికి ఒప్పుకుంటుంది. పీడీఎఫ్ తెరిచి కంట్రోల్+డి నొక్కండి, ఫాంట్స్ ట్యాబ్‌లో బ్రాహ్మి పక్కన 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అని ఉండాలి. అయినా ప్రెస్సువాళ్లు పట్టుబడితే ఫైలుకి నకలు తీసి అందులో చేయండి, అసలు ఫైలు జోలికి పోవద్దు.